ఘాట్‌లో క్లచ్ లేకుండా గేరు దించితే బండి ఎందుకు కుదుపుతుంది?

బైక్ మీద అలిపిరి దాటి పైకి ఎక్కేటప్పుడు, క్లచ్ పట్టకుండా మూడు నుంచి రెండుకి దించితే ‘ఠక్’మని కుదుపు వస్తోందంటే, గేర్‌బాక్స్ పాడైందని టెన్షన్ పడకండి. చాలావరకు కారణం ఒకటే: ఇంజిన్ వేగం కింది గేరుకు సరిపోవడం లేదు.

క్లచ్ లేకుండా పై గేర్లు మాత్రం సాఫీగానే పడుతుంటాయి. అక్కడ యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ వేగం తగ్గుతుంది, పై గేరుకు కావాల్సిందీ అదే. కింది గేరుకు ఇది తలకిందులు. బండి అదే వేగంలో ఉన్నా ఇంజిన్ ఇంకా జోరుగా తిరగాలి. చాలామంది యాక్సిలరేటర్ మూసి, అలాగే గేరు తొక్కేస్తారు.

1. గేర్ లివర్ మీద కాలితో కొద్దిగా ఒత్తిడి పెట్టి ఉంచండి.
2. యాక్సిలరేటర్ ఒక్క క్షణం మూయండి.
3. వెంటనే చిన్నగా ఒకసారి తిప్పండి. మీరు వదిలేస్తున్నది ఈ మెట్టే. ఇంజిన్ వేగం అందుకోగానే, గేర్ల మీద లోడు పోయిన ఆ క్షణంలో కింది గేరు మెత్తగా పడుతుంది. పడకపోతే బలంగా తొక్కొద్దు, క్లచ్ పట్టేయండి.

ఇది ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద నేర్చుకోండి. ఘాట్‌లో మాత్రం దయచేసి క్లచ్ వాడండి, అదీ మలుపులోకి వెళ్లకముందే. ఎక్కుడులో యాక్సిలరేటర్ మూస్తే బండి వేగం చటుక్కున పడిపోతుంది. గేరు మధ్యలో ఇరుక్కుంటే వెనకే బస్సు ఉంటుంది.

క్లచ్ పట్టినా కుదుపు వస్తుంటే, ముందు క్లచ్ కేబుల్ మరీ వదులుగా ఉందేమో చూపించండి.