ఫ్రీ ఫ్లాట్ అంటున్నరు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: అన్నా, మాది పాలమూరు దిక్కు. 1997ల ముంబై వచ్చినం, గోవండి దగ్గర ఝోపడ్‌పట్టీల, అంటే గుడిసెల బస్తీల, ఉంటున్నం. మా ఆయన పెయింటింగ్ పనికి పోతడు. ఇప్పుడు బిల్డర్ వచ్చి ఖాళీ చేస్తే ఈడనే ఫ్లాట్ ఫ్రీగ ఇస్తా అంటున్నడు, కమిటీవాళ్లు సంతకం కోసం రోజూ తిరుగుతున్నరు. పైస తీసుకోకుండ ఇల్లెవరిస్తరన్నా?

జవాబు: చెల్లెమ్మా, పైస నీ దగ్గర తీసుకోడు, నీ కింద ఉన్న జాగాలో తీసుకుంటాడు. 1995లో ఎస్‌ఆర్‌ఏ, అంటే గుడిసెవాళ్లకి ఇళ్లు కట్టించే పని చూసే మహారాష్ట్ర సర్కారు సంస్థ, పెట్టిన లెక్కే అది, బిల్డర్ మీకు కొంత జాగాలో టవర్ కట్టివ్వాలి, బదులుగా మిగతా జాగాలో మామూలుకంటే ఎక్కువ అంతస్తులు లేపి మార్కెట్ రేటుకి అమ్ముకోవచ్చు. ఎంత జాగాకి ఎంత కట్టుకోవచ్చో చెప్పే లెక్కని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు, ఎక్స్‌ట్రాగా దొరికే ఆ ఎఫ్‌ఎస్‌ఐలోనే బిల్డర్ ప్రాణమంతా ఉంటుంది. బస్తీలో ఇంతకుముందు 70 శాతం మంది ఒప్పుకోవాల్సి ఉండేది, తర్వాత దాన్ని 51కి దించారు, ఆ సంతకాల కోసమే ఆ తిరుగుడు.

సంతకం కంటే ముందు అనెక్షర్-2 లిస్టు చూడు, ఎవరు అర్హులో అందులో ఉంటుంది. 2000 జనవరి 1కి ముందు నుంచీ ఉన్నట్టు కాగితం ఉంటే ఇల్లు ఫ్రీ. తర్వాత నుంచి 2011 జనవరి 1 వరకు వచ్చినవాళ్లయితే రెండున్నర లక్షలు కట్టాలి. మీరు 1997లో వచ్చారు సరే, కరెంటు బిల్లు 2003 నుంచే ఉంటే? పాత ఓటరు లిస్టు వెతికించు, అందులో మీ ఆయన పేరుంటే చాలావరకు ఒడ్డునపడ్డట్టే.

ఇక అసలు బాధ భాడాది. బిల్డింగ్ అయ్యేదాకా బయట ఉండటానికి బిల్డర్ నెలనెలా అద్దె ఇవ్వాలి కదా, మాకు తెలిసిన ఒకాయనకి ఏడాది ఇచ్చి ఆపేశారు, గుడిసె పోయింది, ఫ్లాట్ రాలేదు, ఇంటి ఓనర్ రోజూ తలుపు కొట్టేవాడు. ఇలాంటివి ఎక్కువయ్యాకే 2023లో ఎస్‌ఆర్‌ఏ రెండేళ్ల అద్దె ముందే డిపాజిట్ చెయ్యాలి, మూడో ఏడాదికి చెక్కులివ్వాలి అని రూల్ పెట్టింది. డిపాజిట్ కట్టిన రసీదు చూపించమను, నోటిమాట వద్దు.

ఇల్లు 300 చదరపు అడుగులొస్తుంది, దాని గురించి కొట్లాడేదేం లేదు. ప్లాన్‌లో బిల్డింగుకీ బిల్డింగుకీ మధ్య సందు ఎంతో మాత్రం చూడు. మీ దగ్గరే నట్వర్ పారిఖ్ కాంపౌండ్ అని గుడిసెవాళ్లని తరలించిన బిల్డింగుల కాలనీ ఉంది కదా, ఒకసారి పోయి కింది అంతస్తుల్లో మిట్టమధ్యాహ్నం లైటేసుకుని వండుకునేవాళ్లని పలకరించు. గాలీ వెలుతురూ లేని అలాంటి ఇళ్లలో టీబీ ఎక్కువుందని 2018లో సర్వే చేసినవాళ్లు చెప్పారు. లిఫ్టు కరెంటు, మెయింటెనెన్స్ ఎవరు కడతారో కూడా ఇప్పుడే అడగండి, గుడిసెలో లేని ఖర్చది.

ప్రశ్న: మరి హైదరాబాద్‌లో ఈ పద్ధతి ఎందుకు పెట్టరు సార్?

జవాబు: బిల్డర్‌కి ఆశ చూపడానికి మన దగ్గర ఏముందండీ? 2006లోనే హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ లిమిట్ తీసేశారు, రోడ్డు వెడల్పూ, బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. ఊరికే దొరికేదాని కోసం బస్తీ జనానికి ఇళ్లెవడు కట్టిస్తాడు. అందుకే డబుల్ బెడ్‌రూమ్‌లు సర్కారు సొమ్ముతోనే కట్టారు, ఊరి బయట కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు. బాగానే కట్టారు, కాకపోతే సిటీలో ఇళ్లల్లో పనిచేసే ఆవిడ పొద్దున ఆరింటికి అక్కణ్ణుంచి ఏ బస్సెక్కాలో మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేరు.