కొట్టేసిన గంజాయి కేసును క్లియరెన్స్ ఫారంలో రాయాలా?

రాయండి. అమెరికాలో చదువుకునే రోజుల్లో గంజాయి తాగారు, పోలీసులు పెట్టిన కేసును తర్వాత కోర్టు కొట్టేసింది, ఇప్పుడు సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు అనుమతి) కావలసిన ఉద్యోగం వచ్చింది. ఎస్‌ఎఫ్-86 ఫారంలో, అంటే ఆ క్లియరెన్స్ దరఖాస్తులో, ఆ సంగతి వదిలేయవచ్చా అన్నది మీ ప్రశ్న. వదిలేయకూడదు.

నేను వర్జీనియాలో ఈ క్లియరెన్స్‌ల రంగంలోనే ఉన్నాను. మా అక్క కొడుకు ఈ ఫారం నింపుతున్నప్పుడు పక్కనే కూర్చున్నాను. "మనంతట మనమే ఎందుకు చెప్పుకోవాలిరా, వాళ్లకెలా తెలుస్తుంది?" అని అక్క ఒకటే గొడవ. పెళ్లి సంబంధాల దగ్గర పనికొచ్చే ఆ తెలివి ఇక్కడ మెడకు చుట్టుకుంటుంది.

23వ విభాగంలో మత్తుమందుల వాడకం గురించి ప్రధానంగా గత 7 ఏళ్లకే అడుగుతారు. అది చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ 22వ విభాగంలో, మత్తుమందుల విషయంలో మీపై ఎప్పుడైనా అభియోగం మోపారా అనే ప్రశ్న ఉంది. దానికి కాలపరిమితి లేదు. కేసు కొట్టేసినా, రికార్డు సీలు చేసినా రాయాల్సిందే. ఫెడరల్ చట్టం కింద చెరిపేసిన కొన్ని డ్రగ్ కేసులకే మినహాయింపు. పరీక్షల ముందు స్నేహితుడి దగ్గర తీసుకుని వేసుకున్న అడరాల్ (ఏకాగ్రత కోసం డాక్టర్ చీటీపై ఇచ్చే మందు) మాత్రలు కూడా 23లోకే వస్తాయి. అక్కడ నిజం రాస్తే దాన్ని క్రిమినల్ కేసులో మీపై సాక్ష్యంగా వాడబోమని ఫారంలోనే ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు.

ఇక తెలియడం సంగతి. క్లియరెన్స్‌కు దరఖాస్తు చేసిన మా పక్కింటి కుర్రాడి గురించి ఇన్వెస్టిగేటర్ నా తలుపు కూడా తట్టారు. అతని అలవాట్లేమిటి, మాట నమ్మవచ్చా అని నింపాదిగా అడిగారు. మీ పాత రూమ్మేట్లనూ అలాగే అడగవచ్చు.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో 'హెచ్' మత్తుమందులది, 'ఇ' నిజాయితీది. హెచ్ కింద కాలం గడవడం, ఆ స్నేహాలు మానుకోవడం, ఇకపై ముట్టనని రాసిచ్చిన ప్రకటన మీకు కలిసివస్తాయి. పాత గంజాయి వాడకం ఒక్కటే నిర్ణయాత్మకం కాదని 2021 డిసెంబరులో జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ కూడా స్పష్టం చేశారు. గంజాయి పాతబడుతుంది. అబద్ధం వయసును మాత్రం ఫారం మీద సంతకం పెట్టిన రోజు నుంచే లెక్కిస్తారు. పైగా తెలిసి తప్పు రాయడం 5 ఏళ్ల దాకా జైలు పడగల ఫెడరల్ నేరం. ఇదివరకే దాచి ఉంటే, వాళ్లు ఆధారం చూపించకముందే మీరై చెప్పండి. అలా చెబితే 'ఇ' కింద మీకు అనుకూలంగా చూస్తారు. పట్టుబడ్డాక ఒప్పుకుంటే ఆ విలువ ఉండదు.

మావాడు అంతా రాశాడు. ఇంటర్వ్యూలో దాని గురించే చాలాసేపు అడిగారట. ఆలస్యంగానైనా క్లియరెన్స్ వచ్చింది.

వాడు ఇక్కడే పుట్టాడు. మీరు తర్వాత పౌరసత్వం తీసుకున్నవారైతే, ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు)లో ఏం రాశారో ముందు తీసి చూడండి. అందులో అరెస్టు లేదని రాసి ఉంటే, ఎస్‌ఎఫ్-86 పంపే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.