దేవుని సేవకు పిలుపు వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? ఉద్యోగం మానేయాలా?

ఇప్పుడే మానకండి. కూటంలో కన్నీళ్లు వచ్చినంత మాత్రాన పిలుపు కాదు. దేవుడు పిలిస్తే యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని సమూయేలు ప్రవక్తంతటివాడే మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు (1 సమూయేలు 3). ముందు ఏడాదిపాటు సండే స్కూల్ చెప్పండి, రోగుల దగ్గర ప్రార్థించండి, ఆరాధనయ్యాక చాపలు చుట్టండి. మైకు దొరికితేనే హుషారొస్తే అది వేదిక మోజే.

అసలు పరీక్ష ఇల్లు. సంఘ కాపరి (పాస్టరు) ముందు తన ఇంటిని చక్కగా ఏలుకోవాలంటుంది 1 తిమోతి 3:4-5. భార్యతో చెప్పకుండా రాజీనామా ఇస్తే సేవ అక్కడే కుంటుపడుతుంది.

రోజూ రాత్రి మూడు కృతజ్ఞతలు రాయండి. ‘ఆశీర్వాదాలకు వందనాలు’ అని కాదు, ‘చిన్నదానికి జ్వరం తగ్గింది’ అని. ఆర్నెల్లకు ఆ నోటుపుస్తకం తిరగేస్తే మనసు ఏ పని దగ్గర ఆగుతోందో కనిపిస్తుంది. అప్పుడు మీ కాపరితో మాట్లాడండి. వేదాంత కళాశాల దరఖాస్తు ఆ తర్వాతే.