డే కేర్ డబ్బు మిగులుతుందనుకున్న ఏడు నెలలు

ప్రశ్న: మేమిద్దరమూ హెచ్-1బి వీసా మీద ఉద్యోగాలు చేస్తున్నాము. ఎనిమిది నెలల క్రితం హైదరాబాదు నుంచి టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చాము. బాబుకు పదకొండో నెల. నాకు వారమంతా ఇంటి నుంచే పని. ఇక్కడ డే కేర్‌కు నెలకు 1,600 డాలర్లు అడుగుతున్నారు. జనవరిలో మా అత్తగారు వస్తానంటున్నారు. అంతవరకు బాబును ఇంట్లోనే చూసుకుంటూ పని చేసుకోవచ్చునా? ఎలాగూ ఇంట్లోనే ఉంటాను కదా, అంత డబ్బు పోయడం దండగ అనిపిస్తోంది.

జవాబు: చెల్లెమ్మా, "ఎలాగూ ఇంట్లోనే ఉంటాను కదా" అన్న మీ మాట చదివి నాకు కొంచెం నవ్వు, కొంచెం జాలి కలిగాయి. పదేళ్ల కిందట ఇదే ఇర్వింగ్‌లో, ఇదే మాట అనుకొని నేను పోగొట్టుకున్న సొమ్ము ఎంతో అణా పైసలతో సహా ఇప్పటికీ చెప్పగలను. వీసా నిబంధనలు, పన్నుల వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, మీరే చూసుకోగలరు. అక్కడ దొరకని లెక్క ఒకటి ఉంది, నేను దాని గురించే చెబుతాను.

మా పెద్దమ్మాయి 2015 ఏప్రిల్‌లో పుట్టింది. హెచ్-1బి ఉద్యోగి కోసం కంపెనీ పెట్టే గ్రీన్ కార్డు అర్జీ (ఐ-140) ఆమోదం పొందితే, ఆ ఉద్యోగి భార్య లేదా భర్త హెచ్-4 అనే ఆధారిత వీసా మీదే పని చేసుకోవచ్చునన్న నిబంధన ఆ ఏడాది మే 26న అమలులోకి వచ్చింది. అంతకుముందు రెండేళ్లుగా ఇంట్లో కూర్చొని ఉన్న నాకు అది వరమే అయింది. 2016 జనవరిలో అనుమతి కార్డు చేతికి వచ్చింది, ఫిబ్రవరిలో గంటకు 46 డాలర్ల మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టు దొరికింది. మేనేజరు చికాగోలో, టీము హైదరాబాదులో ఉండేవారు కనుక నేను ఎక్కడ కూర్చొని పని చేసినా అడిగేవారు లేరు. అప్పట్లో పది నెలల పిల్లకు డే కేర్‌లో 1,350 అడిగారు. అది కట్టకపోతే ఏడాదికి 16,200 డాలర్లు మిగులుతాయని గోడ కేలెండరు మీద పెన్సిలుతో రాసుకున్న తెలివి నాది.

మాది రెండు పడక గదుల అపార్ట్‌మెంటు. నేను కనిపించినంతసేపు పిల్ల నన్ను వదిలేది కాదు. అందుచేత పడకగదిలో బట్టలు తగిలించుకొనే క్లోజెట్‌ను ఆఫీసుగా చేసుకొని, ఇస్త్రీ బల్లను బాగా కిందికి దించి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకొని, మావారి కోట్ల మధ్య కూర్చొనేదాన్ని. కాల్ ఉన్నప్పుడు పడకగదిలో నాలుగు బొమ్మలు పడేసి, ఫోనులో పాటలు పెట్టి, క్లోజెట్ తలుపు వేసేసుకొనేదాన్ని. పాటల మోజు పది నిమిషాలకు మించి ఉండేది కాదు. ఆ తరువాత తలుపు కింది సందులో నుంచి పెరుగన్నం అంటుకున్న నాలుగు వేళ్లు లోపలికి వచ్చి, కార్పెట్‌ను గీరుతూ ఉండేవి. నేను చెవుల్లో హెడ్‌ఫోను పెట్టుకొని ఆ వేళ్లనే చూస్తూ, అవతల వాళ్లు అడిగినదానికి ఊఁ కొడుతూ ఉండేదాన్ని.

జూన్‌లో ఒక గురువారం రిలీజు కాల్ జరుగుతుండగా ఆ వేళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోయాయి, ఏడుపు లేదు, అలికిడి లేదు. పసిపిల్ల ఏడిస్తే కంగారు పడనక్కరలేదు, నిశ్శబ్దంగా ఉంటేనే పరుగెత్తాలని మా అమ్మ చెబుతుండేది. సరిగ్గా అప్పుడే మిగిలిన రెండు టెస్టుల మాటేమిటని మేనేజరు అడిగారు. నేను నడపనే లేదు. పాసయ్యాయని చెప్పి తలుపు తీసుకొని బయటకు పరుగెత్తాను. పిల్ల నా హ్యాండ్‌బ్యాగు బోర్లించి, చెక్కుబుక్కులోని కాగితాలను ఒక్కొక్కటే చించి నములుతోంది. ఆ రెండు టెస్టుల్లోనే ఉన్న తప్పు సోమవారంనాడు కస్టమరు దగ్గర బయటపడింది. మేనేజరు పల్లెత్తు మాట అనలేదు. ఇక్కడ మేనేజర్లు మన దేశంలోలాగా కేకలు వేయరు, కాంట్రాక్టు పొడిగించరు, అంతే.

ఆగస్టు ఆఖరుకు ఉద్యోగం పోయింది. నవంబరు మధ్యలో ఇంకొకటి దొరికేదాకా పదకొండు వారాలు ఖాళీగా ఉన్నాను. ఏడు నెలల డే కేర్ మిగిల్చినందుకు 9,450 డాలర్లు వచ్చాయి, పదకొండు వారాల జీతం 20,240 డాలర్లు పోయింది. నికరంగా 10,790 డాలర్ల నష్టం, అంటే ఆనాటి మారకం ప్రకారం ఏడు లక్షల రూపాయల పైమాట. పిల్ల నిద్రపోయాక రాత్రి పది నుంచి ఒంటిగంట వరకు చేసి టైమ్‌షీటులో రాసుకోని గంటలను ఈ లెక్కలో వేయలేదు. హెచ్-4 మీద ఉన్నాను కనుక ఖాళీగా ఉన్నా దేశంలో ఉండనిచ్చారు. మీరు హెచ్-1బి మీద ఉన్నారు, ఉద్యోగం పోతే ఇంకొక ఉద్యోగమో, వీసా మార్పో చూసుకోవడానికి మీ చేతిలో ఉండేది అరవై రోజులే. 1,600 దండగ అనుకొనేటప్పుడు ఆ అరవై రోజులకు కూడా ఒక ధర కట్టి చూడండి.

కరోనా వల్ల 2020 మార్చి తరువాత చాలామంది పిల్లలను ఒళ్లో పెట్టుకొనే పని చేశారు కదా అంటారు. నిజమే, అప్పుడు నేనూ చేశాను. ఆరు నెలల పిల్లవాడు ఒక చంకలో, కిండర్‌గార్టెన్‌కు వెళ్లవలసిన పెద్దది పక్కన ఉండేవారు. అప్పుడు మేనేజర్ల ఇళ్లలో కూడా అదే భాగోతం నడిచింది కనుక ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఓర్పు ఇప్పుడు లేదు. చాలా కంపెనీలు మన చేత సంతకం పెట్టించుకొనే ఇంటిపని ఒప్పందంలోనే, ఇంటి నుంచి పని చేయడమన్నది పిల్లల సంరక్షణకు ప్రత్యామ్నాయం కాదని ఒక వాక్యం ఉంటుంది. నేను సంతకం చేసిన కాగితంలోనూ ఉంది, ఉద్యోగం పోయాక చదివాను. మీరు ఇవాళే చదవండి.

ఇక మీ అత్తగారి విషయం. పెద్దవాళ్లు వస్తే పిల్ల ఖర్చు తప్పుతుందని నేనూ అనుకున్నాను. కొత్త ఉద్యోగంలో చేరేనాటికి మా అమ్మను రప్పించాను. రానుపోను టికెట్టు 1,400 డాలర్లు, ఆరు నెలల ప్రయాణ బీమా 600 డాలర్లు, మొత్తం రెండు వేలు. అదే డే కేర్ అయితే ఎనిమిది వేలు కాబట్టి ఆరు వేలు మిగిలినట్టేనని సంతోషించాను. అమ్మకు అరవై రెండేళ్లు, బి.పి. ఉంది, కారు నడపడం రాదు, రెండో అంతస్తు మెట్లంటే మోకాళ్లు సహకరించవు. డిసెంబరు చలిలో పిల్లను ఎత్తుకొని కిటికీ దగ్గర నిలబడి, పార్కింగులోకి వచ్చే కార్లను లెక్కపెట్టేది. ఆ ఒంటరితనం ఒక పెద్ద కథ, దాని జోలికి ఇప్పుడు పోను. ఫిబ్రవరిలో ఒక రాత్రి గుండెల్లో నొప్పి అంటే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాము. గ్యాసు నొప్పి అని తేల్చి నాలుగు గంటల్లో పంపించారు, 6,800 డాలర్ల బిల్లు ఇచ్చారు. బి.పి. ముందునుంచే ఉన్న జబ్బు కనుక తమకు సంబంధం లేదని బీమా కంపెనీ రాసింది. ఆసుపత్రి బిల్లింగు విభాగానికి మూడు ఉత్తరాలు రాసి, సగానికి తగ్గించుకొని, ఏడాదిపాటు వాయిదాలలో కట్టాను. బిల్లును తగ్గించమని అడగవచ్చునన్న సంగతి కూడా మన వాళ్లలో చాలామందికి తెలియదు, నేను పడి నేర్చుకున్నాను.

అమ్మ వెళ్లిపోయాక చేసిన తప్పు ఇంకా సిగ్గుచేటు. తెలిసినవారి ద్వారా మన తెలుగావిడే ఒకరు నెలకు 900 డాలర్లు నగదుగా తీసుకొని తన ఇంట్లో పిల్లను చూస్తానన్నారు. పప్పన్నం పెడతారు, తెలుగు మాట్లాడతారు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. రసీదు ఉండదు. పిల్లల సంరక్షణ ఖర్చు మీద పన్నులో తగ్గింపు కోరాలంటే ఫారం 2441లో చూసుకొనేవారి పన్ను గుర్తింపు సంఖ్య రాయాలి, అది అడిగితే ఆవిడ ముఖం చిన్నబుచ్చుకున్నారు. పని చేసే అనుమతి లేని వీసా మీద ఉన్నవారని నాకు ఆ తరువాత అర్థమైంది. నాలుగో నెలలో రెండు రోజుల ముందు చెప్పి మానేశారు, ఆ వారమంతా నేను సెలవు పెట్టవలసి వచ్చింది. మీ ఇంటికే వచ్చి చూసే మనిషిని పెట్టుకుంటే మీరు యజమాని అవుతారని కూడా గుర్తుంచుకోండి. 2025లో ఒక మనిషికి ఏడాదికి 2,800 డాలర్లు, ఆ పైన ఇస్తే వృద్ధాప్యపు పెన్షనుకు, వైద్యానికి వెళ్లే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పట్టి కట్టవలసి ఉండేది, ఈ హద్దు ఏటా మారుతుంది.

చివరికి 2017 సెప్టెంబరులో, పిల్లకు రెండున్నరేళ్లు వస్తుండగా, బుద్ధిగా డే కేర్‌లో చేర్చాను. విచిత్రమేమంటే అప్పటికి ఫీజు తగ్గింది. టెక్సస్ నిబంధనల ప్రకారం ఏడాది లోపు పిల్లలైతే నలుగురికి ఒక ఆయా ఉండాలి, రెండేళ్ల పిల్లలైతే పదకొండు మందికి ఒకరు, మూడేళ్లయితే పదిహేను మందికి ఒకరు చాలు. ఆయా జీతం పంచుకొనే తలలు పెరిగేకొద్దీ మన వాటా తగ్గుతుంది. కనుక ఇవాళ అడిగిన 1,600 ఐదేళ్లపాటు ఉండే భారం కాదు. మీ బాబు పై తరగతులకు మారేకొద్దీ అది దిగివస్తుంది. డే కేర్‌లో వేసిన మొదటి ఏడాది జ్వరాలు, జలుబులు తప్పవు. జ్వరం తగ్గి ఇరవై నాలుగు గంటలయ్యేదాకా సాధారణంగా రానివ్వరు, ఫీజు మాత్రం ఆగదు. మీవి, మీవారివి సెలవులు కలిపి పది రోజులు దీనికోసమే దాచుకోండి.

డబ్బు తగ్గించుకొనే అసలు దారి నేను రెండేళ్లు ఆలస్యంగా కనుక్కున్నాను. కంపెనీలో పిల్లల సంరక్షణకు ఎఫ్ఎస్ఏ ఖాతా ఉందేమో అడగండి. పన్ను పడకముందే జీతంలో నుంచి సొమ్ము పక్కన పెట్టి, దానితో డే కేర్ కట్టుకోవచ్చును. కుటుంబానికి ఏడాదికి 2025 వరకు 5,000 డాలర్లు ఉండేది, 2026 నుంచి 7,500 చేశారు. మీ ఆదాయం 22 శాతం పన్ను మెట్టులో ఉండి, మొత్తం 7,500 పక్కన పెడితే, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలతో కలిపి సుమారు 2,200 డాలర్లు మిగులుతాయి, అంటే ఒక నెల ఫీజు పోను ఆపైన ఇంకొంత. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తూ ఉండాలి, ఏడాదిలో వాడుకోని సొమ్ము పోతుంది. సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో ఒక్కసారే ఎంచుకోనిస్తారు. ఆ ఈమెయిలును నేను రెండేళ్లు చదవకుండా తీసేశాను.

వీటన్నిటికంటే నన్ను బాధించే నష్టం ఇంకొకటి ఉంది. టెక్సస్ ప్రభుత్వ బడుల్లో కిండర్‌గార్టెన్‌కు ముందుండే ప్రీ-కె తరగతి అందరికీ ఉచితం కాదు. కొన్ని వర్గాల పిల్లలకే ఉచితం, ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని పిల్లలు ఆ వర్గాలలో ఒకరు. 2019 నుంచి నాలుగేళ్ల అర్హులైన పిల్లలకు అది పూర్తి రోజు బడి. ఆ ఏడాదే మా అమ్మాయిని చేర్చవలసి వచ్చినప్పుడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగారు. తెలుగు అని రాస్తే వెనకబడిన పిల్లలతో కూర్చోబెడతారేమోనన్న పిచ్చి భయంతో ఇంగ్లీషు అని రాశాను. అప్పటికే రెండేళ్లుగా ఇంట్లో దానితో ఇంగ్లీషే మాట్లాడుతున్నాము కనుక అది అబద్ధమూ కాదు. అర్హత లేదన్నారు. పది నెలలు, నెలకు 1,100 చొప్పున 11,000 డాలర్లు ప్రైవేటుగా కట్టాను. తెలుగు రాకుండా పెంచడానికి అంత డబ్బు పోసిన తల్లిని నేనే అయి ఉంటాను. మా అబ్బాయితో ఆ తప్పు చేయలేదు. వాడికి నాలుగేళ్లు వచ్చేదాకా ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడలేదు, ఉన్నదున్నట్టు రాశాను, 2024లో ఉచితంగా చేరాడు. అయితే 2019 సెప్టెంబరు 5న పుట్టాడు. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండాలన్న నియమం వల్ల నాలుగు రోజుల తేడాతో ఒక ఏడాది డే కేర్ అదనంగా కట్టవలసి వచ్చింది. ఆ విషయంలో చేయగలిగింది ఏమీ లేదు. మీ బాబు పుట్టిన తేదీ ఒకసారి చూసుకొని ముందే లెక్క వేసుకోండి.

మా అబ్బాయి నా కడుపులో ఐదో నెలలో ఉండగానే డే కేర్‌లో పేరు రాయించాను. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు పిల్లలు మావారి బాధ్యత, సాయంత్రం ఐదున్నర నుంచి నా బాధ్యత. హైదరాబాదు టీముతో కాల్ వాళ్ల ఉదయం ఏడున్నరకు. వేసవిలో ఇక్కడ అది రాత్రి తొమ్మిది, పిల్లలు పడుకొని ఉంటారు. నవంబరులో చలికాలానికి ఇక్కడి గడియారాలను గంట వెనక్కి తిప్పగానే అదే కాల్ ఎనిమిదికి వచ్చి, సరిగ్గా నిద్రపుచ్చే వేళకు తగులుతుంది. అందుకని అక్టోబరులోనే హైదరాబాదు వాళ్లతో మాట్లాడి అరగంట ఆలస్యంగా పెట్టించుకుంటాను, మిగిలిన అరగంట మావారు కథ చెబుతారు. ఇటువంటివి ఎవరూ నేర్పరు, పడితేనే తెలుస్తాయి.

కనుక మీకు నా జవాబు ఇది. బాబును ఇంట్లో పెట్టుకొని పూర్తి ఉద్యోగం చేయడానికి కుదరదు. మొత్తం 1,600 పెట్టలేకపోతే, వారానికి మూడు రోజులు తీసుకొనే డే కేర్‌లు ఉంటాయి, అడగండి. మిగతా రెండు రోజులు మీరూ మీవారూ చెరొక పూట వీలు చూసుకోండి. మీటింగులు ఆ మూడు రోజుల్లోనే పెట్టుకోండి. అత్తగారిని తప్పక రప్పించండి, కాని ఆయాగా కాదు, మనవడిని చూసుకోవడానికి వచ్చిన నాయనమ్మగా. డే కేర్ సీటును మాత్రం వదులుకోకండి. వదిలితే మళ్లీ వరుసలో చివర నిలబడాలి. ఆవిడ ఎన్నాళ్లు ఉండవచ్చునో పాస్‌పోర్టులోని వీసా ముద్రను బట్టి కాక, దిగిన తరువాత ఐ-94 అనే ప్రవేశ పత్రంలో కనిపించే తేదీని బట్టి చూసుకోండి. బీమా తీసుకొనేటప్పుడు ముందునుంచే ఉన్న జబ్బులకు ఏ మేరకు ఇస్తారో రాతపూర్వకంగా అడిగి, ఆవిడ వేసుకొనే మందుల చీటీ, కనీసం మూడు నెలల మందులు వెంట తెమ్మనండి. టికెట్టు జనవరికి కాకుండా మార్చికి తీయండి. ఆ నెలలో ఇక్కడ ఎండ హాయిగా ఉంటుంది, సాయంత్రం పార్కులో స్ట్రోలర్లు తోసుకుంటూ తిరిగే మన అమ్మమ్మలు, నాయనమ్మలు పదిమందైనా కనిపిస్తారు, ఆవిడ కిటికీ దగ్గర నిలబడవలసిన అవసరం ఉండదు.