డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది మీ అబ్బాయి కాదు

స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన ఒక తండ్రి కూర్మన్నపాలెం నుంచి రాశారు. కొడుక్కి 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. రాత్రి ఒంటిగంట దాకా హాల్లో కూర్చుని 4,514 లెగో ముక్కలతో, అంటే ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో, కోట కడుతున్నాడట. "ఇల్లు చూడటానికి వచ్చే ఆడపెళ్లివారికి నేనేం చెప్పాలి? అటక ఎక్కించమని వాళ్లమ్మతో చెప్పించాను, వినలేదు. ఆవిడకేమో నిద్ర పట్టడం లేదు, బీపీ కూడా పెరిగింది. అబ్బాయిని మానసిక వైద్యుడికి చూపించమంటారా?"

అక్కర్లేదు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

ముక్కల లెక్కను బట్టి అది లయన్ నైట్స్ క్యాజిల్ అనే సెట్టు అయివుంటుంది. లెగో కంపెనీకి 90 ఏళ్లు నిండిన 2022లో వచ్చింది. డబ్బా మీద 18 ఏళ్లు దాటినవారికి అని ఉంటుంది, ఓసారి చూడండి. పైకి లేచే వంతెన, కిందికి దిగే కమ్ముల ద్వారం, నీటి చక్రం, గోడలు తెరిస్తే లోపల గదులు. అంతా డ్రాయింగ్ చూసి కట్టాల్సిందే. ప్లాంట్‌లో ఇన్నేళ్లు పనిచేసిన మీకు దాంట్లో పిచ్చి ఎక్కడ కనిపించిందో నాకు అర్థం కాలేదు.

నాకు కనిపించింది వేరే. ఉద్యోగం మారొద్దని "వాళ్లమ్మతో చెప్పించాను". సంబంధం చూస్తున్నామని "వాళ్లమ్మతో చెప్పించాను". ఇప్పుడు కోట. మీ ఉత్తరం నిండా ఇదే మాట. అబ్బాయితో మీరు నేరుగా అన్న మాట ఒక్కటీ లేదు.

ఎలా మొదలైందో ఊహించగలను. బి షిఫ్టు దిగి మీరు ఇల్లు చేరేసరికి పిల్లాడు నిద్రపోయేవాడు. వాడి మార్కులూ, జ్వరాలూ, అలకలూ అన్నీ ఆవిడ నోటే మీకు తెలిసేవి. అప్పుడు తప్పలేదు. షిఫ్టులు అయిపోయాక కూడా ఆవిడ మీ ఇద్దరి మధ్య పోస్టాఫీసు పని చేస్తూనే ఉన్నారు. మీ కోపాన్ని కాస్త మెత్తగా చేసి వాడికి చెప్పాలి, వాడి విసుగును మింగేసి మీకు ఇంకోలా చెప్పాలి. చివరికి "నీ గారాబమే" అని ఆవిడనే అంటారు. అన్నారో లేదో మీకే తెలుసు, అని ఉంటారనే నా నమ్మకం. ఇన్ని మోసేవాళ్లకు నిద్ర ఎలా పడుతుంది?

కటువుగా ఉన్నా చెబుతాను. కొడుకుని మందలించడం తండ్రి హక్కే, కాదనను. ఆ పని భార్య చేత చేయించడం మాత్రం హక్కు కాదు.

కాబట్టి ఇవాళ్టి నుంచి తిట్టాలన్నా మీరే తిట్టండి, అడగాలన్నా మీరే అడగండి. "వాడితో చెప్పు" అని నోటిదాకా వచ్చినా ఆపుకోండి. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది. వాడు ముక్తసరిగా జవాబిస్తాడు. ఇవ్వనివ్వండి. వాడికో గది ఉంటే తలుపేసుకుని కట్టుకోవచ్చు కదా, హాల్లో ఎందుకు కూర్చుంటున్నాడు? అది కూడా వాణ్నే అడగండి, ఆవిణ్ని కాదు.

కోట అటకెక్కనక్కర్లేదు. నేరుగా ఎండ తగలని చోట పెడితే రంగు మారకుండా ఉంటుంది. దాన్ని చూసి వెనక్కి పోయే సంబంధం పోతే పోనివ్వండి.

ఈ వారంలోనే ఆవిణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అబ్బాయిని తోడిచ్చి పంపొద్దు, మీరే వెళ్లండి.