తెర వెనక నిలబడే మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

మావయ్య ఆశీస్సులు.

వచ్చే నెల తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వేసే పద్యనాటకానికి స్టేజి మేనేజ్‌మెంట్ మొత్తం నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాటకాల మీద ఎం.పి.ఏ. చదివిన పిల్ల వేషం కట్టకుండా తెర వెనక పని చేస్తానంటోందని ఆవిడకి కాస్త బెంగ. నాకైతే ఆ మాట వింటూనే కడుపు నిండిపోయింది. ముప్పై ఏళ్ళుగా నాటక పరిషత్తు పోటీల్లో, స్టేజికి అటూ ఇటూ ఉండే సైడ్ వింగ్స్ పక్కనే నిలబడ్డాను. వేషం దొరక్క ఆ పనికి వచ్చినవాళ్ళే ఎక్కువ, కోరి వచ్చినవాళ్ళు చాలా తక్కువ.

నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి. ఓ సాంఘిక నాటికలో, కొడుకు రాసిన ఉత్తరం తండ్రి చదివే ఘట్టం ఉంది. ఆ ఉత్తరం ఎక్కడ పోతుందోనని నా చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. సరిగ్గా ఆ రంగానికి ముందు జనరేటర్ ఆగిపోయేలా ఉందని పిలిస్తే బయటికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి తండ్రి వేషంలో ఉన్న పెద్దాయన ఖాళీ అరచేతిని కళ్ళ ముందు పెట్టుకుని ఉత్తరం చదువుతున్నారు. చెయ్యి వణుకుతోంది. జనం అది నటన అనుకున్నారు. నాటిక అయ్యాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ మరుసటి నాటకం నుంచి, నాటకంలో వాడే వస్తువులన్నీ ఉంచే ప్రాపర్టీ బల్ల పెట్టడం మొదలెట్టాను. వింగ్ పక్కన బల్ల వేసి, దాని మీద తెల్లకాగితం అంటించి, ఒక్కో వస్తువునీ పెట్టి చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీస్తాను. గద ఉన్నచోట గద ఆకారం, కమండలం ఉన్నచోట కమండలం ఆకారం. లోపల ఏ రంగమో, ఎవరి చేతికి వెళ్ళాలో రాస్తాను. టార్చి ఒకసారి తిప్పితే చాలు, ఏ గీత ఖాళీగా ఉందో చీకట్లో కూడా తెలిసిపోతుంది. నీ జేబులో, నీ బ్యాగులో నాటకానికి సంబంధించిన వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. నీ బుర్రలోనూ అంతే. లైట్ల మార్పులు, తెర పడే చోటు, ఎవరు ఎటువైపు నుంచి వస్తారు, అన్నీ పుస్తకంలోకి ఎక్కాలి. నీకు జ్వరం వచ్చి పడుకుంటే ఆ పుస్తకం చూసి ఇంకొకళ్ళు నాటకం నడిపించగలగాలి.

ఇక క్యూల సంగతి, అంటే లైటు, తెర ఎప్పుడు మార్చాలో చెప్పే గుర్తులు. సాంఘిక నాటకంలో డైలాగు చివరి మాట పట్టుకుంటే సరిపోతుంది. పద్యనాటకంలో మాట అయ్యాక రాగం ఉంటుంది. అది ఎంతసేపు సాగుతుందో ఆ పూట ఆ నటుడి గొంతును బట్టి, జనాన్ని బట్టి ఉంటుంది. వన్స్‌మోర్ అన్నారంటే మళ్ళీ పద్యం మొదటికి రావాలి. చివరి మాట వినగానే నువ్వు బ్లాకౌట్ చెప్పేశావంటే పాపం ఆయన చీకట్లో రాగం తీస్తూ నిలబడతాడు. అందుకని రిహార్సల్స్‌లో హార్మోనిస్టు పక్కన కూర్చో. రాగం దించబోతున్నాడని అందరికంటే ముందు పసిగట్టేది ఆయనే. ఆయన వేళ్ళు చూడు, నీ క్యూ అక్కడే ఉంటుంది. వన్స్‌మోర్ల కోసం ఒక పావుగంట పక్కన పెట్టుకో, లేకపోతే చివరి రంగం దగ్గర హాలువాళ్ళు వచ్చి వాచీ చూపిస్తారు.

పద్యనాటకం నటులు చాలామంది వట్టి కాళ్ళతో తిరుగుతారు. సెట్టింగ్ కొట్టడం అయ్యాక ఊడ్పించి ఊరుకోకు. పాత స్పీకర్ అయస్కాంతానికి తాడు కట్టి స్టేజి అంతా లాగు. ఎన్ని మేకులు అంటుకుంటాయో చూస్తే నీకే గుండె ఝల్లుమంటుంది.

నాటకానికి ముందు జరిగే సభ సంగతి కూడా నీదే కాబట్టి చెప్తున్నా. దీపం కుందెలో నూనె, వత్తులు, అగ్గిపెట్టె ముందే చూసుకో. శాలువాలు రెండు ఎక్కువ ఉంచు, పిలవని పెద్దమనిషి ఎవరో ఒకరు వేదిక ఎక్కుతారు. ఉపన్యాసాలు సాగుతుంటే నువ్వు టెన్షన్ పడకు. ముందు గ్రీన్‌రూమ్‌కి వెళ్ళి ఎంత ఆలస్యమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పు. కిరీటం పెట్టుకుని గంటసేపు కూర్చున్నవాడి మెడ ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించు. ఆఖరి నిమిషం దాకా కిరీటం కట్టొద్దని మేకప్ ఆయనకి చెప్పు.

వయసులో పెద్దవాళ్ళయిన కార్పెంటర్లు, లైట్‌మెన్ నీ మాట వింటారా అని మీ అమ్మ అడిగింది. వింటారు. బాబాయ్, అన్నా అని పిలువు, చెప్పేది ఒక్కసారే, నెమ్మదిగా చెప్పు. వాళ్ళ భోజనం పొట్లాలు అయిపోయాక నీ పొట్లం విప్పు. నాటకం అయ్యాక డబ్బుల కవర్ల కోసం ఎవరినీ నిలబెట్టకు. అర్ధరాత్రి ఇంటికెళ్ళాల్సిన నటీమణులకి బండి ముందే మాట్లాడిపెట్టు.

వీలైతే ఈలోగా సురభి వాళ్ళ నాటకం ఒకటి వెనక నుంచి చూడనిమ్మని అడుగు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాల్లో పిల్లలు తాళ్ళ మధ్య, తెరల మధ్య పెరిగారు. వాళ్ళ మాయలూ మంత్రాలూ చూసి ముందు కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొడతారు. నువ్వు మాత్రం ఆ తాడు ఎవరు పట్టుకున్నారో, ఎప్పుడు వదిలారో చూడు.

డ్రెస్ రిహార్సల్ తేదీ చెప్పు, ముందురోజు రాత్రి బస్సెక్కుతాను. స్కెచ్ పెన్నులు నేను తెస్తాను, కాగితం నువ్వు కొనిపెట్టు. బల్ల మీద గీతలు ఇద్దరం కలిసి గీద్దాం.

మీ మావయ్య