కాలువలో దొరికిన కిలోన్నర మార్పు చేప: సంకరమా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిషా?

నెల్లూరు జిల్లా కోవూరు వైపు కాలువలో కిలోన్నర మార్పు చేప పడిందని, తల గరుకుగా ఉందని, అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌తో కలిసి పుట్టిన సంకరమేమోనని, ఇంటి దగ్గరి గుంటలో పెంచవచ్చా అని మీరు అడిగారు. పెంచవద్దు. తిరిగి కాలువలోనూ వదలవద్దు. అంత బరువున్నది మన నాటు మార్పు (దేశీ మాగుర్ క్యాట్‌ఫిష్) కాదు. అర కిలో దాటిన నాటు మార్పును నేను ఇంతవరకు చూడలేదు.

ఆత్మకూరు ప్రాంతంలో మా నాన్నగారి కాలం నుంచి చెరువులు వేలంలో పాడుకుని చేపలు పెంచుతున్నాం కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన చూసే అవకాశం కలిగింది. పెద్ద ఆఫ్రికన్ చేప తల మీద బొటనవేలితో రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. వెల్లకిలా తిప్పితే తల అడుగున రెండు పక్కలా నల్లని చారలు కనిపిస్తాయి. నాటు మార్పు తల నున్నగా ఉంటుంది. చిక్కేమిటంటే, ఆఫ్రికన్ పిల్లలకు కూడా తల నున్నగానే ఉంటుంది, చారలూ కనబడవు. సంకరం ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. అది మళ్లీ నాటు చేపతో జతకడితే పుట్టేదాన్ని ఎంత అనుభవమున్నవారైనా కంటితో తేల్చలేరు. మీ చేప పూర్తిగా ఆఫ్రికనా, సంకరమా అన్నది నేనూ ఫొటో చూసి చెప్పలేను.

ఈ రెండూ వాగుల్లో వాటంతట అవి విరివిగా కలుస్తాయని చాలామంది అనుకుంటారు. వాటి తీరు వేరు. వానలు పడగానే మన మార్పు గట్టు వారన బొరియలో గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా ఉంటుంది. ఆఫ్రికన్ చేప కొత్తనీరు ఎక్కిన గడ్డిలో గుడ్లు చల్లి వెళ్లిపోతుంది. అసలు కలయిక హేచరీలో, అంటే చేపపిల్లలను పుట్టించే కేంద్రంలో జరుగుతుంది. ఈ రెండింటిలో ఏ మగచేపను పిండినా వీర్యం రాదు. దాన్ని కోసి, వృషణాలు తీసి నలిపి, ఆడచేప నుంచి పిండిన గుడ్ల మీద కలుపుతారు. ఏ మగచేపను కోశారన్నది ఆ గదిలో ఉన్నవారికే తెలుస్తుంది. మన మార్పుకు క్రోమోజోములు 50, ఆఫ్రికన్‌కు 56. అయినా పిల్లలు బతుకుతాయి.

థాయ్‌లాండ్‌లో జరిగింది మనం గమనించాలి. అక్కడ తమ దేశీ క్లారియాస్ (మన మార్పుకు దగ్గరి చుట్టం) ఆడచేపకు ఆఫ్రికన్ మగచేపను కలిపి భారీగా పెంచారు. తర్వాత అక్కడి సహజ నీళ్లలోని దేశీ చేపల్లో ఆఫ్రికన్ జన్యువులు బయటపడ్డాయి. మన దేశంలోకి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ 1990ల మొదట్లో బంగ్లాదేశ్ మీదుగా దొంగచాటుగా వచ్చింది. కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. మన మార్పు ఇప్పటికే అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. నాకు ఇదే పెద్ద బెంగ.

జన్యువుల మాట అటుంచి, తిండి సంగతి చూడండి. ఒక ఏడు మా చెరువు ఎండగట్టినప్పుడు దొరికిన ఆఫ్రికన్ చేప పొట్ట కోస్తే, పరిగెలు, చిన్న జెల్లలు ఇంకా అరగకుండా వరుసగా ఉన్నాయి. మన జిల్లాలో ఒక చెరువు కలుజు (అలుగు) పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. పైగా ఈ చేప గాలి పీల్చుకుని తడినేల మీద పాకుతుంది. మీ గుంటకు వల కట్టినా వానకాలంలో దాన్ని ఆపలేరు.

ఇప్పుడు చేయవలసింది: చేపను చంపి, తోక రెక్కలో చిన్న ముక్క కత్తిరించి స్పిరిట్‌లో వేసి, తల పైభాగం, అడుగుభాగం ఫొటోలతో ముత్తుకూరు మత్స్య కళాశాలలో అడగండి. ఒక మాట గుర్తుంచుకోండి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఆ ఒక్క పరీక్షే చేస్తే, తల్లి నాటు మార్పు అయిన సంకరం కూడా అచ్చమైన నాటుగా తేలుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏ కూడా చూడగలరా అని అడగండి. మార్పు పెంచాలనే కోరిక ఉంటే, ‘ఆరు నెలల్లో కిలో’ అని చెప్పేవారి దగ్గర పిల్లలు కొనకండి. తల్లిచేపలను, కోసిన మగచేప తలను చూపించమని అడగండి. చూపించకపోతే ఆ పిల్లల సంచులు వెనక్కి పంపండి.